ఆరు రోజుల విశ్వాసం

(విశాఖ మేత్రాసనంలో సేవచేసి గతించిన ఉపదేశుల స్మారకార్థం ఇచ్చిన ఉపన్యాసానికి ముద్రిత పాఠం)



స్మారకోపన్యాసం సాధారణంగా ఒక మహనీయుడి పేరు మీద జరుగుతుంది. ఈ ఉపన్యాసానికి ధర్మనిధి సమకూర్చిన కుటుంబాలవారు మాత్రం తమ తాతముత్తాతల్లో ఏ ఒక్కరి పేరూ పెట్టవద్దన్నారు. విశాఖ మేత్రాసనంలో పనిచేసి కాలం చేసిన ఉపదేశులందరి పేరా ఇది జరగాలని కోరారు. ఆ కోరికలోనే ఒక గొప్ప పాఠం ఉంది. మన పీఠాధిపతుల వరస మనకు కంఠతా వచ్చు: నేరే, టిస్సో, క్లెర్, రొసిలాన్, బో. తరువాత 1966లో తొలి భారతీయ పీఠాధిపతిగా గోపు ఇగ్నేషియస్ గారు, 1982 నుంచి మూడు దశాబ్దాలు కాగితపు మరియదాసు గారు. వారి సేవ చరిత్రకెక్కింది, ఎక్కవలసిందే. కాని వారి మాట ఊరి చివరి ఇంటి గడప దాకా వెళ్లిందంటే, దాన్ని మోసుకెళ్లిన మనిషి ఒకడున్నాడు. అతనే ఉపదేశి.

ఉపదేశి ఏం చేసేవాడో పెద్దవాళ్లకు తెలుసు, పిల్లలకోసం చెబుతాను. గురువు నెలకో, రెండు నెలలకో ఒకసారి వచ్చే రోజుల్లో, మిగతా దినాలన్నిటికీ ఊళ్లో విశ్వాసానికి కాపు అతనే. సాయంత్రం గంట కొట్టి పిల్లల్ని కూర్చోబెట్టేవాడు. పరలోక జపం, మంగళవార్త జపం, విశ్వాస సంగ్రహం, పది ఆజ్ఞలు వల్లె వేయించేవాడు. రోగి ఉన్న ఇంటికి వెళ్లి జపం చెప్పేవాడు. గురువు అందుబాటులో లేక ప్రాణం పోయే స్థితిలో ఉన్న బిడ్డకు తానే జ్ఞానస్నానమిచ్చేవాడు. చనిపోయినవారిని మట్టిచేసేవాడు. అన్నదమ్ముల తగవు తీర్చేవాడు. చదువు రానివారికి అర్జీ రాసిపెట్టేవాడు. కాలికి బలపం కట్టుకుని తిరిగేవాడు. చేతికొచ్చేది అంతంతమాత్రం, తరచు అందులోంచే ఎవరి మందులకో ఖర్చయ్యేది.

గురువు వచ్చిన రోజు పండుగ. ఆ రోజు రావడానికి ముందు, వెళ్లిపోయిన తరువాత జరిగేదంతా ఉపదేశి పని. ఈ రోజు నేను చెప్పదలచిన మాట అక్కడే పుట్టింది. విశ్వాసం ఆదివారం నాడు మనకు అందుతుంది. మిగిలిన ఆరు రోజుల్లో ఎదుగుతుంది, లేదా ఎండిపోతుంది. మేత్రాసన జీవితమంటే ఆ ఆరు రోజుల్ని కాపాడే ఏర్పాటు. మన విచారణలు తమ పనిని ఆ ఆరు రోజుల కొలతతో కొలుచుకోవాలి.

ఆనెసీ నుంచి వచ్చిన ఆలోచన

ఈ మాట నేను కొత్తగా కనిపెట్టింది కాదు. మన మేత్రాసనానికి పునాది వేసినవారు తమతో తెచ్చిన ఆలోచనే ఇది.

పునీత ఫ్రాన్సిస్ ది సేల్స్ 1567లో పుట్టి 1622లో పరమపదించారు. జెనీవా పీఠాధిపతి అయివుండీ జెనీవాలో ఉండే వీలులేక, ఆల్ప్స్ పర్వతాల దాపున సవోయ్ సీమలోని ఆనెసీ పట్టణం నుంచి తన మేత్రాసనాన్ని నడిపారు. 1609లో ఆయన భక్తి జీవితంలోకి ప్రవేశం కోరేవారికోసం ఒక పుస్తకం అచ్చువేశారు. సంసారం మధ్య ఉంటూ దేవుణ్ని వెతుకుతున్న ఒక గృహిణికి ఆయన రాసిన ఉపదేశ లేఖలు ఆ పుస్తకానికి మూలం. అప్పట్లో గాఢమైన భక్తి అంటే మఠాలకే చెల్లుతుందన్న అభిప్రాయం బలంగా ఉండేది. ఆ పుస్తకం దాన్ని ఎదిరించింది. సైనికుడి శిబిరంలో, చేతిపనివాడి దుకాణంలో, పెళ్లయినవారి ఇంట్లో భక్తికి చోటులేదనడం పొరపాటన్నారు ఆయన. ఎవరి వృత్తికి, ఎవరి శక్తికి, ఎవరి బాధ్యతలకు తగినట్టు వారి భక్తి ఉండాలన్నారు. పీఠాధిపతి సన్యాసిలా రోజంతా ఏకాంతంలో కూర్చున్నా, సంసారి బిడ్డల తిండి సంగతి మరిచిపోయినా అది భక్తి అనిపించుకోదన్నారు.

రెండు వందల ఏళ్లు గడిచాయి. ఫ్రెంచి విప్లవం సవోయ్ సీమను కుదిపేసింది. గుళ్లు మూతపడ్డాయి, గురువులు దేశాలుపట్టి పోయారు. ఒక తరం పిల్లలు ఉపదేశం లేకుండానే పెరిగారు. ఆ తరువాత పియర్ మరీ మెర్మియే అనే గురువు పల్లె విచారణలు తిరిగి చూశారు. జ్ఞానస్నానం పొందినవారే, గుడి ఉన్న ఊళ్లే, అయినా విశ్వాసం చల్లబడిపోయింది. ఊరూరా కొన్నాళ్లు మకాం వేసి, బోధించి, పాపసంకీర్తనాలు విని, కుటుంబాలను మళ్లీ ప్రార్థనలో నిలబెట్టడం ఆయన పని అయింది. ఆ పనికోసమే 1838లో ఆనెసీలో ఫ్రాన్సిస్ ది సేల్స్ పేర సభను స్థాపించారు. మనం ఫ్రాన్సాలియన్లు అనే గురువులు ఆ సభవారే.

1846లో విశాఖపట్నంలో అడుగుపెట్టింది వారే. అప్పటికి ఇక్కడున్న కతోలికులు కొద్దిమంది. కంపెనీ సైన్యంలోని ఐరిష్ సిపాయిలు, వారి కుటుంబాలు వారిలో ముఖ్యులు. 1847లో విశాఖ పాతపట్టణంలో సెయింట్ అలోషియస్ పాఠశాల మొదలైంది. 1849లో ఆనెసీ నుంచే పునీత జోజప్పగారి మఠకన్యలు యానాంలో దిగారు. 1850లో విశాఖ ప్రత్యేక అపోస్తలిక మండలం అయింది, 1886లో మేత్రాసనం అయింది. మొదట్లో దాని విస్తీర్ణం ఊహకు అందదు. ఇక్కడి సముద్రతీరం నుంచి అడవులు, ఘాట్‌లు దాటి నాగపూరు దాకా. 1887లో నాగపూరు విడిపోయింది, తరువాత కటక్ ప్రాంతం విడిపోయింది, 1993లో శ్రీకాకుళం వేరు మేత్రాసనమైంది. 2001లో విశాఖ అగ్రపీఠమైంది.

అంత సీమకు గుప్పెడు మంది గురువులు. రైలు లేదు, రోడ్లు అరకొర. తెలుగు, ఒడియా, మరాఠీ మాట్లాడే జనం. ఈ పరిస్థితిలో ఆదివారం పూజను నమ్ముకుని మాత్రమే సంఘం నిలబడలేదు, ఎందుకంటే చాలా ఊళ్లకు ప్రతి ఆదివారమూ పూజే లేదు. ఇంటి ప్రార్థనమీద, ఉపదేశిమీద, పనిలో నిజాయితీమీద నిలబడింది. ఫ్రాన్సిస్ ది సేల్స్ పుస్తకంలో రాసిన సంగతి మన పల్లెల్లో అవసరంకొద్దీ అమలైంది.

ఇదే సత్యాన్ని రెండవ వాటికన్ మహాసభ 1964లో శ్రీసభను గురించిన తన ముఖ్య పత్రంలో చాటింది. పవిత్రతకు పిలుపు గురువులకు, మఠవాసులకు ఎంత ఉందో జ్ఞానస్నానం పొందిన ప్రతివారికీ అంతే ఉందని ఆ పత్రం ఐదవ అధ్యాయం చెబుతుంది. మన విశాఖవారికి ఆ అధ్యాయం పుట్టింటి మాటలా వినిపించాలి.

రేవు, ఓడలు, ఉక్కు

ఇక ఈ ఊరి సంగతి. 1933లో రేవు ప్రారంభమైంది. 1941లో నౌకానిర్మాణ కేంద్రానికి పునాది పడింది, 1948లో అక్కడినుంచి జల ఉష అనే ఓడ నీళ్లలోకి దిగింది. 1957లో చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అంటూ రాష్ట్రమంతా లేచింది. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు.

వీటన్నిటితో పాటు మన విచారణల ముఖమే మారిపోయింది. గోదావరి జిల్లాలనుంచి, కృష్ణా, గుంటూరునుంచి, శ్రీకాకుళం పల్లెలనుంచి, కేరళనుంచి, తమిళనాడునుంచి, ఒడిశానుంచి కతోలికులు పనికోసం వచ్చారు. ఊళ్లో అయితే పెద్దమ్మ అడుగుతుంది, జపానికి రాలేదేమని. ఇక్కడ అడిగేవారు లేరు. పక్క క్వార్టర్లో ఎవరున్నారో తెలియదు. పైగా రేవుకీ ఉక్కుకీ ఆదివారం లేదు. ఏ షిఫ్ట్, బి షిఫ్ట్, సి షిఫ్ట్ అంటూ వారం తిరుగుతుంటుంది. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న ఆ బ్లాస్ట్ ఫర్నేసులు రాత్రీపగలూ మండవలసిందే. పూజ గంట మోగే వేళకు ఒకడు కొలిమి ముందు నిలబడి ఉంటాడు, ఒకడు రాత్రి డ్యూటీ దిగి నిద్రపోతుంటాడు.

ఉక్కు కార్మికులకు ఒక సంగతి బాగా తెలుసు. కోక్ ఓవెన్ బ్యాటరీని వారాల తరబడి నెమ్మదిగా వేడెక్కిస్తారు. ఒకసారి వేడెక్కాక దాన్ని చల్లారనివ్వరు. చల్లారితే లోపలి ఇటుక గోడలు పగులుతాయి, మళ్లీ నిప్పు పెట్టినంత మాత్రాన అవి అతుక్కోవు. ఇంటి ప్రార్థనా అంతే. ఒకటి రెండు తరాలు ఆపేశాక పండుగనాడు ఎంత పెద్ద దీపాలంకరణ చేసినా ఆ వేడి తిరిగి రావడం కష్టం.

కాబట్టి అడగవలసిన ప్రశ్న ఇది. షిఫ్టుల్లో బతికే మనిషి విశ్వాసం ఎక్కడ ఎదుగుతుంది? నాకు మూడు చోట్లు కనబడుతున్నాయి: ఇల్లు, పని, పొరుగు.

ఇంట్లో

గాజువాకలో ఒక చిన్న క్రైస్తవ సమాజం కూడికకు నన్ను పిలిచారు. రెండు గదుల ఇల్లు. టీవీ కట్టేశారు, పిల్లల హోంవర్కు పుస్తకాలు మంచం మీదకు చేరాయి, నేలమీద చాపలు పరిచారు. ఇంటి యజమాని సి షిఫ్టుకు వెళ్లాలి, క్యారేజీ కట్టించుకుని తలుపు దగ్గర పెట్టుకున్నాడు. ఆయన భార్య జపమాల నడిపించింది. పదో తరగతి చదివే అమ్మాయి రాబోయే ఆదివారపు సువార్త చదివింది. ద్రాక్షతోట పనివారి కథ, మత్తయి సువార్త ఇరవయ్యవ అధ్యాయం. పొద్దున వచ్చినవాడికీ, సాయంత్రం వచ్చినవాడికీ యజమాని ఒకే కూలి ఇచ్చిన కథ.

చదివాక కాసేపు మౌనం. తరువాత ఒకరొకరే మాట్లాడారు. దేవుడి దయ గురించి, అసూయ గురించి చెప్పారు, మనం ప్రసంగాల్లో వినేవే. మూలన కూర్చున్న ఒక కాంట్రాక్టు కార్మికుడు చివర్లో నోరు విప్పాడు. “ఆ యజమాని పొద్దుగూకీసరికి కూలి చేతిలో ఎట్టీసినాడు కదండీ” అన్నాడు. అతనికి రెండు నెలలుగా జీతం అందలేదు. ఆ గదిలో ఉన్నవాళ్లు చాలామంది పర్మనెంటు ఉద్యోగులు. వారి పక్కనే, అదే ఎండలో, అదే ధూళిలో పనిచేసేవాడు రెండు నెలలుగా అప్పుమీద బతుకుతున్నాడని ఆ పూటే వారికి తెలిసింది. కూలివాడి కూలి సూర్యాస్తమయానికి ముందే ఇచ్చివేయమన్న ద్వితీయోపదేశ కాండపు ఆజ్ఞ నాకు తెలియనిదేమీ కాదు. దానికి అంత బరువుందని మాత్రం ఆ రాత్రే తెలిసింది. లేచే ముందు అతని పిల్లల స్కూలు ఫీజు సంగతి చూసుకున్నారు. మర్నాడు యూనియన్ నాయకుణ్ని కలిసే బాధ్యత ఇద్దరు తీసుకున్నారు.

విశ్వాసం ఎదగడమంటే నా కళ్లతో నేను చూసింది అది. దేవుని వాక్కు ఇంట్లోకి వచ్చింది. ఒక పేదవాడి నోట దాని అర్థం తెరుచుకుంది. విన్నవాళ్లు దాని వెంట కదిలారు. అక్కడ ఉపన్యాసకుడు అక్కరలేకపోయింది. బైబిలు, జపమాల, ఒకరి బాధ ఒకరు వినే ఓర్పు, ఇవి చాలాయి. అందుకే ప్రతి విచారణలో చిన్న సమాజాలు పేరుకు ఉంటే సరిపోదు, నెలనెలా కూడాలి. కూడినప్పుడు జపం ముగించి టీ తాగి లేచిపోకుండా, వాక్కు చదివి, ఈ వారం మన వీధిలో ఏం జరిగిందని అడగాలి.

పనిలో

1891లో జగద్గురువు పదమూడవ సింహరాయలవారు కార్మికుల స్థితిగతులపై విశ్వలేఖ రాశారు. బతకడానికి చాలినంత కూలి, సంఘం పెట్టుకునే హక్కు కార్మికుడికి న్యాయంగా చెందుతాయన్నారు. 1981లో రెండవ జాన్ పాల్ గారు పనిని గురించే ఒక విశ్వలేఖ రాశారు. పని విలువ ఆ పని రకాన్నిబట్టి కాదు, చేసేవాడు మనిషి కావడాన్నిబట్టి వస్తుందన్నది దాని సారం. క్రేన్ నడిపేవాడూ, డెక్కు కడిగేవాడూ, కార్యాలయంలో ఫైలు చూసేవాడూ ఆ లెక్కన ఒకే గౌరవానికి అర్హులు.

మన పాపసంకీర్తనాల్లో ఈ మాట వినిపిస్తోందా? ఆదివారం పూజ తప్పానని చెబుతాం, శుక్రవారం మాంసం తిన్నానని చెబుతాం. తూకంలో మోసం చేశానని, బిల్లు దాటించడానికి చెయ్యి తడిపానని, కింది ఉద్యోగి ఆలోచనను నాదని చెప్పుకున్నానని, భద్రతా తనిఖీ చేయకుండానే చేసినట్టు సంతకం పెట్టానని చెబుతున్నామా? ఆ చివరిది చిన్న విషయం కాదు. కర్మాగారాల ఊరిలో అబద్ధపు సంతకం ఒకరి ప్రాణం తీస్తుంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో విషవాయువు లీకై నిద్రలోనే జనం కుప్పకూలిపోవడం ఈ ఊరు కళ్లారా చూసింది. హత్య చేయరాదన్న ఆజ్ఞ ఈ నగరంలో సేఫ్టీ రిజిస్టరు దాకా వస్తుంది. గురువులు తపస్సుకాలపు వడకాల్లో ఇలాంటి అంతరాత్మ పరిశీలన చేయించాలని వినయంగా కోరుతున్నాను.

2021 జనవరిలో ఉక్కు కర్మాగారం వాటాలన్నీ అమ్మాలన్న నిర్ణయం వెలువడినప్పటి నుంచి వేల ఇళ్లలో దిగులు కాపురం పెట్టింది. భూములిచ్చి నిర్వాసితులైనవారి పిల్లలకు ఆ దిగులు మరీ ఎక్కువ. అలాంటి వేళ విచారణ చేయగలిగేది ఏమిటి? కర్మాగారం భవిష్యత్తు మన చేతిలో లేదు. ఉద్యోగం పోయినవాడి ఇంటికి వెళ్లడం, అతనికి మనిషిగా విలువ పోలేదని పక్కన కూర్చుని చెప్పడం, పిల్లల చదువు ఆగకుండా చూడడం మన చేతిలో ఉన్నాయి.

పొరుగులో

2014 అక్టోబరు 12 ఆదివారం. హుద్‌హుద్ తుఫాను ఈ ఊరిమీద విరుచుకుపడిన రోజు. ఆ ఆదివారం మనం గుడికి వెళ్లలేకపోయాం. ఆ తరువాత వచ్చిన ఆరు రోజులే మనకు పరీక్ష. కరెంటు లేదు, నీళ్లు లేవు, ఫోను లేదు. ఈ ఊరిలోనే పాలపాకెట్టును, నీళ్ల క్యాన్‌ను రెట్టింపు ధరకు అమ్మినవాళ్లున్నారు. ఈ ఊరిలోనే తమ బోరు నీళ్లు వీధి మొత్తానికి పట్టి పోసినవాళ్లు, రేకులు లేచిపోయిన ఇంటివాళ్లను తమ ఇంట్లో పడుకోబెట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఏ మతంవారో, ఏ కులంవారో అడగలేదు. సోమవారం నుంచి శనివారం దాకా ఎవరెవరి విశ్వాసం ఎంతో ఆ వారం తేల్చేసింది. 2020లో కరోనా వచ్చి గుళ్లు మూతపడ్డప్పుడూ ఇదే జరిగింది. ఇంట్లో ప్రార్థన అలవాటున్న కుటుంబాలు నిలదొక్కుకున్నాయి. గుడి మీదే ఆధారపడినవారికి తలుపు మూయగానే అన్నీ మూసుకుపోయినట్టయింది.

పొరుగు అన్నప్పుడు కులం మాట ఎత్తకుండా పోలేను. జ్ఞానస్నానం పొందినవారిలో భేదం లేదని పునీత పౌలుగారు గలతీయులకు రాశారు. మనం ఆ పఠనాన్ని శ్రద్ధగా వింటాం, పెళ్లి సంబంధం మాట వచ్చేసరికి మరో గ్రంథం తెరుస్తాం. దళిత క్రైస్తవులు రెండు వైపులా నష్టపోయారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వారికి షెడ్యూల్డు కులాల హోదా లేకుండా చేసింది, సమాజం కులపు చిన్నచూపును మాత్రం తప్పించలేదు. తెలుగు సంఘంలో ఎక్కువమంది, ఉపదేశుల్లో చాలామంది ఈ కుటుంబాలనుంచి వచ్చినవారే. 2022 ఆగస్టులో పూల ఆంథోనీ గారు కార్డినల్ అయినప్పుడు, తొలి దళిత కార్డినల్ మన తెలుగువారేనని సంబరపడ్డాం. ఆ సంబరం నిజమైనదైతే అది మన బంతిలోకి, మన వియ్యంలోకి, మన సంఘపెద్దల ఎన్నికలోకి రావాలి. ఆధ్యాత్మిక ఎదుగుదలకు ఇంతకంటే సూటి పరీక్ష నాకు తెలియదు.

కొండగుడి తరువాత

పండుగలను నేను తక్కువ చేయడం లేదు. డిసెంబరు 8న కొండగుడికి వెళ్లే జనాన్ని చూడండి. రాస్‌హిల్ మెట్లమీద ముసలివాళ్లు మోకాళ్ల నొప్పులతో ఎక్కుతారు. కొవ్వొత్తులు, కొబ్బరికాయలు పట్టుకుని హైందవ సోదరులు, ముస్లిం సోదరులు వస్తారు. కింద రేవు ముఖద్వారంలో ఓడలు కదులుతుంటాయి. బిడ్డకు జ్వరం తగ్గాలని, సముద్రంమీదకు వెళ్లిన భర్త క్షేమంగా రావాలని మరియతల్లిని అడుగుతారు. ఆ కన్నీళ్లలో ఉన్న నమ్మకం పవిత్రమైనది. దాన్ని మూఢభక్తి అని చప్పరించే అధికారం ఎవరికీ లేదు.

అయితే ఆ నమ్మకాన్ని డిసెంబరు 9న ఎవరు అందుకుంటున్నారు? మొక్కు తీర్చుకుని దిగివెళ్లిన మనిషి ఇంటికి ఆ తరువాతి వారంలో ఎవరు వెళ్తున్నారు? జ్వరం తగ్గకపోతే, భర్త రాకపోతే, ఆ ఇంట్లో కూర్చునేదెవరు? ఒకప్పుడు ఆ పని ఉపదేశి చేశాడు. ఇప్పుడు ఎవరు చేస్తారో మేత్రాసనం తేల్చుకోవాలి.

మార్గం ఇప్పటికే తెరిచి ఉంది. 2021 మే 10న ఫ్రాన్సిస్ పోపుగారు ఉపదేశి సేవను శ్రీసభలో అధికారికమైన పరిచర్యగా నెలకొల్పారు. స్త్రీలకూ పురుషులకూ అది వర్తిస్తుంది. అంటే ఈ పని గురువు కొరతవల్ల పెట్టుకున్న తాత్కాలిక సర్దుబాటుగా ఇక చూడకూడదు, శ్రీసభ జీవితంలో దానికి తనదైన స్థానముంది. ఈ సందర్భంగా కొన్ని విన్నపాలు చేస్తున్నాను.

ఉపదేశులకు బైబిలులోనూ, శ్రీసభ సాంఘిక బోధనలోనూ క్రమమైన శిక్షణ ఇవ్వాలి, బతకడానికి చాలినంత భత్యం ఇవ్వాలి. కూలివాడి కూలి గురించి బోధించే మనం మన ఉపదేశికి న్యాయం చేయకపోతే మన బోధ ఎవరు వింటారు? కార్మిక విచారణల్లో శనివారం సాయంత్రపు పూజ, పాపసంకీర్తనపు వేళలు షిఫ్టులను చూసి పెట్టాలి. ఆదివారపు పూజ బాధ్యతను ముందురోజు సాయంత్రమే తీర్చుకోవడానికి శ్రీసభ చట్టం అనుమతిస్తోంది. చేపల రేవులో తెల్లవారకముందే బుట్ట ఎత్తే అక్కచెల్లెళ్లకు, ఇళ్లల్లో పనిచేసేవారికి వీలైన వేళలు కూడా అడిగి తెలుసుకోవాలి. ప్రతి విచారణలోనూ పెద్దలు బతికుండగానే పాత ఉపదేశుల వివరాలు రాయించి దస్త్రంలో పెట్టాలి. యువతకు పాటల పోటీలతో పాటు, మద్యం, అప్పుల యాప్‌లు, ఉద్యోగం రాలేదన్న కుంగుబాటు గురించి మాట్లాడుకునే చోటు ఇవ్వాలి.

గురువులకు ఒక మాట. మీ ఒంటరితనం, మీ అలసట మాకు తెలుసు. కట్టడాలు, పాఠశాలలు, లెక్కలు మీ రోజును మింగేస్తున్నాయి. లెక్కలు మాలాంటివారికి అప్పగించండి, మాలో చదువుకున్నవారు, నమ్మదగినవారు ఉన్నారు. మాకు మీరు ఇళ్లల్లో కావాలి. సాధారణ విశ్వాసులకూ ఒక మాట. అన్నీ ఫాదర్‌గారే చూసుకుంటారని చేతులు ముడుచుకునే అలవాటు మానాలి. 2021 అక్టోబరు 17న ప్రపంచమంతటా మేత్రాసనాల్లో సినడు ప్రక్రియ మొదలైనప్పుడు, కలిసి నడుద్దాం, ఒకరినొకరు విందాం అన్నారు. ఆ సమావేశాల్లో మనం చెప్పినవి కాగితాలమీద ఉన్నాయి. వాటిని వీధుల్లోకి తేవడం మన వంతు.

శ్రీసభ చట్టం ప్రకారం పీఠాధిపతి కనీసం ఐదేళ్లకొకసారి తన మేత్రాసనమంతా సందర్శించాలి. ఆ సందర్శనలో విచారణ దస్త్రాలు చూస్తారు: ఎన్ని జ్ఞానస్నానాలు, ఎన్ని వివాహాలు, ఎంత కానుక. ఆ దస్త్రాల పక్కన మరికొన్ని ప్రశ్నలు చేర్చాలని ఈ సభ తరఫున మన అగ్రపీఠాధిపతులవారికి విన్నవించుకుంటున్నాను. ఈ విచారణలో ఎన్ని ఇళ్లల్లో రోజూ కుటుంబ ప్రార్థన జరుగుతోంది? కిందటి ఏడాది మంచానపడినవారిని ఎవరు చూసుకున్నారు? మన సంస్థల్లో పనిచేసే అతి చిన్న ఉద్యోగికి జీతం వేళకు అందుతోందా? దళిత కుటుంబాలవారికి సంఘ నిర్వహణలో ఎంత చోటుంది? ఊళ్లోకి కొత్తగా వలస వచ్చిన కతోలికుడి తలుపు ఎన్నాళ్లకు తట్టారు? వీటికి జవాబు చెప్పగలిగిన విచారణలో సభ్యుల సంఖ్య తక్కువైనా విశ్వాసం బతికే ఉంటుంది. జవాబు లేని విచారణలో గోపురం ఎంత ఎత్తుగా ఉన్నా, రేపటి నుంచి కష్టపడవలసిన పని చాలా ఉంది. ఆ పనికి గురువూ, మఠకన్యా, ఉపదేశీ, మనమూ సమానంగా పిలుపు పొందాం. రేపు సోమవారం, మన వంతు రేపటి నుంచే మొదలు.